మా పాసింజరు బండి

రామగుండం స్టేషనులో పొద్దుటిపూట "బాగున్నారా?" అని పలకరించుకునేవారు తక్కువ. "బండి ఏడిదాక వచ్చిందట?" అన్నదే అక్కడి పలకరింపు. దానికి "పెద్దపల్లి ఇడిచిందట" అని జవాబు వస్తే ఆ రోజంతా శుభమే. "రాఘవాపురంల పెట్టిండ్రట" అని వచ్చిందా, నిలబడ్డవారు కూర్చుంటారు, కూర్చున్నవారు లేచి టీకొట్టు వైపు నడుస్తారు, నాబోటివాడు సంచిలోంచి జవాబు పత్రాల కట్ట తీసి మోకాళ్లమీద పెట్టుకుంటాడు. ఈ మధ్య అందరి చేతుల్లోనూ ఫోనులున్నాయి, బండి ఎక్కడున్నదో అందులో కనబడుతుంది. అయినా పక్కవాణ్ణి అడగనిదే ఎవరికీ నమ్మకం కుదరదు.

నేను కాపురముండేది గోదావరిఖనిలో, పాఠం చెప్పేది బెల్లంపల్లిలో. నడుమ గోదావరి. పద్దెనిమిదేళ్లుగా వారానికి ఆరు రోజులు ఆ నదిని పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటుతున్నాను. నా వయసులో ఎంత భాగం పాసింజరు బండిలో గడిచిపోయిందో లెక్క వేయవచ్చు గాని, తెలిసి బాధపడడం ఎందుకని ఆ జోలికి పోలేదు.

ఇలా రోజూ పోయి వచ్చేవారిని ఇంగ్లీషులో కమ్యూటర్లు అంటారు. వెనుకటికి అమెరికాలో నెల చార్జీ అంతా ఒక్కసారే తగ్గింపు మీద కట్టించుకుని ఒక టిక్కెట్టు ఇచ్చేవారు. దాని పేరు కమ్యుటేషన్ టిక్కెట్టు. ఆ టిక్కెట్టు పేరే మనిషికీ అంటుకుంది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక దీనికి మంచి తెలుగు మాట దొరుకుతుందేమోనని చాలాకాలం వెతికాను. 'నిత్యప్రయాణికులారా' అని మా పెట్టెలో పిలిస్తే ఒక్కరూ వెనుదిరిగి చూడరు. అక్కడ చెల్లే మాట ఒక్కటే: 'అప్‌డౌన్'. "సారు రోజూ అప్‌డౌన్ చేస్తడు" అంటే నా చరిత్ర అంతా చెప్పినట్టే.

ఈ అప్‌డౌన్ జనంలో అందరూ ఉన్నారు. మొదటి షిఫ్టుకు పోయే గని కార్మికుడు, బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, వరంగల్లు ఆస్పత్రికి ఎక్సురే కవరు పట్టుకుని బయలుదేరిన ముసలాయన, నర్సింగు చదివే పిల్లలు, కూరగాయల గంపలవాళ్లు. ఎవరి పెట్టె వారిది, ఆ పెట్టెలో ఎవరి మూల వారిది. టిక్కెట్టు మీద సీటు నంబరు లేకపోయినా కొత్తవాడు వచ్చి కిటికీ పక్కన కూర్చుంటే, "గాడ మంచిర్యాల సారు కూసుంటడు" అని ఎవరో ఒకరు మర్యాదగానే లేపుతారు. 

ఈ బండి మాకోసం పుట్టలేదన్న సంగతి మొదట చెప్పాలి.

రైలుకూ బొగ్గుకూ ఉన్న బంధుత్వం పాతది. 1825 సెప్టెంబరు 27న ఇంగ్లండులో స్టాక్టన్, డార్లింగ్టన్ మార్గం తెరిచినప్పుడు అది ముఖ్యంగా బొగ్గు మోయడానికే. ఆ రోజు వేడుక చూడవచ్చిన జనం బొగ్గు పెట్టెల్లోకే ఎక్కి కూర్చున్నారు. మన దగ్గరా వరస అదే. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కు దొరికింది. అప్పటికే వాడి నుంచి సికిందరాబాదు దాకా 1874లోనే వచ్చి ఉన్న నిజాం రైలు, వరంగల్లు మీదుగా సాగి, 1888లో ఇల్లెందు బొగ్గు దగ్గరికి చేరింది. ఆ మరుసటి ఏడు బెజవాడ చేరింది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది.

ఇల్లెందులో బొగ్గు రైలును పిలిచింది. మా రామగుండంలో మాత్రం కథ తలకిందులు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా సుమారు రెండు వందల ముప్పై అయిదు కిలోమీటర్ల మార్గం 1929లో పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి సూటిగా దారి దొరకడం దాని పెద్ద ప్రయోజనం. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు ఆ సంవత్సరమే, మొదట పెషావరుకూ మంగుళూరుకూ మధ్య, నడక మొదలుపెట్టింది. ఉత్తరాన బెల్లంపల్లిలో గనులు ఆ రోజుల్లోనే తెరిచారు. రామగుండంలో మాత్రం స్టేషను వచ్చిన ముప్పై ఏళ్లకు గాని, అంటే 1960 ప్రాంతానికి గాని, బొగ్గు తవ్వకం మొదలు కాలేదు.

అందువల్ల జరిగిన చిత్రం చూడండి. స్టేషను పాత ఊరి పక్కన ఉండిపోయింది. బొగ్గు ఏమో గోదావరి ఒడ్డున దొరికింది. గనుల చుట్టూ గుడిసెలు, క్వార్టర్లు, బజార్లు లేచి గోదావరిఖని అన్న పట్నమైంది. ఇంత పట్నానికీ ప్రయాణికుల స్టేషను లేదు! బొగ్గు కోసం పట్టాలు గని ముందుకు వచ్చాయి. మనుషులు మాత్రం ఆటో ఎక్కి రామగుండం స్టేషనుకు పోవాలి. మంచిర్యాలకు పాసింజరుకిచ్చే పది రూపాయలకంటే స్టేషను దాకా ఆటోకిచ్చేదే ఎక్కువ. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఈ లెక్క ఒక పట్టాన ఒప్పుకోరు.

తర్వాతి మార్పులు పాఠకులకు తెలిసినవే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను సొంతం చేసుకున్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1980ల చివరికి ఈ దారిలో కరెంటు తీగలు వచ్చాయి. పాలకులు మారారు, ఇంజన్లు మారాయి. ప్రతి స్టేషనులోనూ ఆగే గుణం మాత్రం పాసింజరుకు మారలేదు.

* * *

మా వైపు నాన్నను బాపు అంటాము. మా బాపుది ఓదెల దగ్గర పల్లె. 1974 మే 8న దేశమంతటా రైలు కార్మికుల సమ్మె మొదలై ఇరవై రోజులు సాగింది. బాపు ఖనికి రావలసింది సరిగ్గా అప్పుడే. గనిలో మనుషులను తీసుకుంటున్నారని కబురు వచ్చింది, బండ్లు సరిగా లేవు. సమ్మె విడిచి బండి కదిలిన తర్వాత, ఒక దుప్పటి, ఒక ఇత్తడి చెంబు, సద్దిమూటలో జొన్నరొట్టెలు పట్టుకుని పాసింజరు ఎక్కాడు. అందువల్లనే ఆయనకు తన పుట్టినరోజు తెలియకపోయినా ఉద్యోగపు రోజు బాగా గుర్తు.

బదిలీ ఫిల్లరుగా చేరాడు. ఫిల్లరు అంటే పేలిన బొగ్గును తట్టకెత్తి టబ్బు నింపేవాడు. బదిలీ అంటే, ఎవరైనా నాగా పెడితే ఆ స్థలంలో దిగేవాడు. పొద్దున్నే గని దగ్గర నిలబడాలి. పేరు పిలిస్తే మస్టరు, లేకపోతే లేదు. అలాంటివాడు పెళ్లాం పిల్లలను వెంటనే పట్నం తీసుకురాలేడు గదా. వారం పనిచేసి సెలవునాడు పాసింజరులో ఊరికి, మళ్లీ చీకటితో పాసింజరులో గనికి. బాపు ఒక్కడే కాదు. జమ్మికుంట, పొత్కపల్లి, ఓదెల, కొలనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వందలమంది అలాగే తిరిగారు. ఊళ్లో పొలం వదలకుండా గనిలో మస్టరు వదలకుండా బతకడం ఈ బండి వల్లనే సాధ్యమైంది. బొగ్గుగనుల చరిత్ర రాసేవారు టన్నులు రాస్తారు, సమ్మెలు రాస్తారు, అవి రాయవలసినవే. సెలవునాటి రాత్రి పాసింజరు గురించి కూడా ఒక పేజీ ఉండాలని నాకనిపిస్తుంది.

అవ్వ, నేను ఖనికి వచ్చింది నాలుగేళ్ల నా వయసులో. కొలువు గట్టిపడి, క్వార్టరు దొరికిన తర్వాత. అప్పటి నుంచి మా ప్రయాణం దిశ మారింది: పండుగకు ఊరికి, ఓదెల మల్లన్న జాతరకు ఊరికి, పెళ్లికి, చావుకు ఊరికి. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క జాతర వస్తే కాగజ్‌నగరు నుంచి వరంగల్లుకు ప్రత్యేకపు బండ్లు వేసేవారు. బంగారమని పిలిచే బెల్లం ముద్దలు, కోళ్లు, పిల్లలు, అందరూ ఒకే పెట్టెలో.

మా దారిలో తిరిగే బండ్లకు ఒక్కోదానికి ఒక్కో స్వభావం. కొత్తగూడెం నుంచి డోర్నకల్లు, వరంగల్లు మీదుగా సిర్పూరు టౌను దాకా సింగరేణి పాసింజరు పోయేది. సింగరేణి బెల్టు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బండి. కొత్తగూడెం గని నుంచి మందమర్రి గనికి బదిలీ అయినవాడు మంచం, బీరువా తప్ప తక్కిన సంసారమంతా దాన్లోనే తెచ్చుకునేవాడు. నాగపూరు పొరుగున ఉన్న అజ్నీ దాకా అప్పట్లో పోయే అజ్నీ పాసింజరులో తెలుగు, మరాఠీ, హిందీ కలిసి ఎవరికీ చెందని భాష ఒకటి పుట్టింది. రామగిరి పాసింజరు ఉన్నది. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సు ఉన్నది. పేరుకు ఎక్స్‌ప్రెస్సే గాని బుద్ధికి మాత్రం పాసింజరే, పిలిచినచోటల్లా ఆగుతుంది. తర్వాత పుష్‌పుల్ వచ్చింది. దీనికి రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది గనుక, చివరి స్టేషనులో ఇంజను విప్పి ఇటునుంచి అటు తిప్పే పని లేదు. వచ్చినదారినే వెనక్కి పోతుంది. మా అవ్వ దాన్ని 'రెండు తలల బండి' అనేది. 

ఇక రాఘవాపురంలో పెట్టడం, పెద్దంపేటలో పెట్టడం అన్న మాటకు అర్థం చెప్పాలి. 'పెట్టడం' అంటే లూపులైనులో పెట్టడం. రెండు స్టేషన్ల నడుమ ఒక పట్టాల మీద ఒక బండి పోతూ ఉండగా దాని వెనుక ఇంకొకదాన్ని వదలకూడదన్నది రైలు నడకకు పాత సూత్రం. పాసింజరు ప్రతి స్టేషనులోనూ ఆగుతూ పోతుంది. వెనుక నుంచి వచ్చే ఢిల్లీ బండి గంటకు నూరు కిలోమీటర్లకు పైబడి వస్తుంది. ముందున్న నెమ్మది బండిని పక్క పట్టాల మీదికి తప్పిస్తే గాని అది ముందుకు పోలేదు. ఆ పక్క పట్టాలే లూపులైను. ఎవరిని ఎక్కడ తప్పించాలో సికిందరాబాదులో కూర్చున్న కంట్రోలరు చెబుతాడు. అతని ముందు బండ్లన్నీ గీతలు. ఆ గీతల్లో ఒకదాని మీద నా మొదటి పీరియడు ఉన్నదని ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడం న్యాయమే. కాని మా దారిలో మూడో దాయాది ఒకడున్నాడు, బొగ్గుబండి. యాభై ఎనిమిదో యాభై తొమ్మిదో పెట్టెలు, రమారమి 3,800 టన్నుల బొగ్గు. అది ఒకసారి ఆగితే మళ్లీ ఊపందుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఎక్కడో ఒక కరెంటు కేంద్రంలో బొగ్గు నిల్వ పడిపోతూ ఉంటుంది. అప్పుడు పాసింజరును లూపులో పెట్టి బొగ్గును పోనివ్వడం తప్పదు. రామగుండంలోని ఎన్.టి.పి.సి. వారి కేంద్రానికి గనుల నుంచి సొంత పట్టాలున్నాయి. పెట్టెలు అడుగు తెరుచుకుని నడుస్తూనే బొగ్గు పోసి, గుండ్రంగా తిరిగి మళ్లీ గనికి పోతాయి. అంతా అలాగే ఉంటే మా పాసింజరుకు బాధ లేదు. మిగతా బొగ్గు దూరదేశాలకు ఈ పట్టాల మీదనే పోవాలి.

నాకు పదేళ్లప్పటి మాట. పండుగకు ఊరికి పోతున్నాము. పెద్దపల్లిలో బండిని లూపులో పెట్టారు. ఎండ, దాహం, అవ్వ ఒళ్లో చెల్లెలు ఏడుపు. ఇనుప కిటికీ చువ్వలు పట్టుకుంటే కాలుతున్నాయి. అర్ధగంట గడిచాక పక్క పట్టాల మీద బొగ్గుబండి వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, నల్లగా, తీరిగ్గా. పెట్టెలోవాళ్లంతా తిట్టడం మొదలుపెట్టారు. "మనుషులకన్న బొగ్గెక్కువాయె" అని ఎవరో అన్నారు. బాపు మాత్రం కిటికీ దగ్గర నిలబడి వేళ్లు ముడుస్తూ లెక్క పెడుతున్నాడు. చివరి పెట్టె దాటిపోయాక నా వైపు తిరిగి, "పోనీ బిడ్డా, అది గూడ మనదే" అన్నాడు.

ఆ మాట ఆ రోజు నాకు నచ్చలేదు. ఎవరిదైతేనేం, మాకు ఆలస్యం కాలేదా?

చాలా ఏళ్ల తర్వాత ఒకనాడు చేతిలో ఉన్న టిక్కెట్టును తీరిగ్గా చదివాను. 2016 నుంచి టిక్కెట్ల మీద ఒక వాక్యం అచ్చువేస్తూ వచ్చారు: ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే ప్రయాణికుల వద్ద వసూలవుతున్నదని. ఎక్కినవాణ్ణి కొంచెం సిగ్గుపరచడానికే వేశారేమో. మరి మిగిలిన సొమ్ము ఎక్కడిది? చాలామటుకు సరుకు రవాణా నుంచి. అందులో పెద్ద వాటా బొగ్గుది. అంటే మా బాపు తవ్వి తట్టకెత్తిన బొగ్గే మా టిక్కెట్టులో కొంత కడుతున్నది. బదులుగా మేము దారి ఇస్తున్నాము. పెద్దపల్లి లూపులో బాపు అన్న మాట లెక్కల ప్రకారం కూడా నిజమే.

కాని లెక్క అక్కడితో ఆగకూడదు. ఇంగ్లండులో రైలు కంపెనీలు పేదవారిని ఎక్కించుకోవడం దండగ అనుకుంటున్న రోజుల్లో, 1844లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: ప్రతి మార్గంలో రోజుకు ఒక్క బండయినా ప్రతి స్టేషనులో ఆగాలి, మైలుకు ఒక పెన్నీకి మించి చార్జీ పుచ్చుకోకూడదు, పెట్టెకు కప్పు ఉండాలి అని. కప్పు సంగతి చట్టంలో రాయవలసి వచ్చిందంటే అంతకు ముందు మూడో తరగతి ఎలా ఉండేదో ఊహించుకోండి. జనం వాటిని 'పార్లమెంటు బండ్లు' అన్నారు. తర్వాత 1883లో మరో చట్టం, పనివాళ్ల కోసం చౌక బండ్లు నడపమని. చౌక బండి అన్నది దానధర్మం కాదనీ, పనివాడు పనిదగ్గరికి చేరకపోతే గనీ నడవదు, మిల్లూ నడవదు అనీ నూటనలభై ఏళ్ల కిందటే అక్కడివారు ఒప్పుకున్నారన్నమాట.

* * *

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడు సింగరేణి గనులు ఆగాయి. బొగ్గు ఆగేసరికి ఎక్కడెక్కడో కరెంటు కోతలు పడ్డాయి, పత్రికలన్నీ రాశాయి. పాసింజరు ఆగితే అంత చప్పుడు కాదు. ఆ సంగతి 2020లో తెలిసింది.

ఆ మార్చి 22 నుంచి బండ్లన్నీ ఆగిపోయాయి. మహమ్మారి రోజులు; ఆపవలసినదే, ఎవరూ కాదనరు. బొగ్గుబండ్లు మాత్రం నడిచాయి. ఖనిలో రాత్రిపూట నిశ్శబ్దంలో ఆ కూత వింటూ పడుకునేవాళ్లం. కొన్ని నెలలకు దూరపు బండ్లు వచ్చాయి. పాసింజర్లు రాలేదు. 2021 నడిమి నుంచి ఒక్కటొక్కటిగా మళ్లీ కనబడ్డాయి గాని, ముందటి బండ్లు కావు. నంబరు సున్నతో మొదలయ్యే 'స్పెషల్' బండ్లు. ఆగేది పాసింజరులాగే, చార్జీ ఎక్స్‌ప్రెస్సుది. పది రూపాయలున్న కనీసపు టిక్కెట్టు ముప్పై అయింది. సీజను టిక్కెట్లు చాలాకాలం చెల్లలేదు.

ముప్పై రూపాయలు నాకు పెద్ద కష్టం కాదు. నెల జీతం వచ్చేవాణ్ణి. రేపల్లెవాడ నుంచి మా కళాశాలకు వచ్చే ఒక అమ్మాయి ఉండేది. తెలుగులో మొదటి మార్కులు ఆమెవి. రానూపోనూ ఇరవై ఉన్నది అరవై అయింది. నెలకు పాతిక రోజులు వేసుకుంటే పదిహేను వందలు. వాళ్లమ్మ పత్తి ఏరే కూలికి పోయే మనిషి. అమ్మాయి వారానికి మూడు రోజులు రావడం మొదలుపెట్టింది, తర్వాత ఒక రోజు, తర్వాత పరీక్షలకు మాత్రమే. ఎందుకు రావడం లేదని తరగతిలో అందరి ముందూ అడిగాను, తెలివితక్కువ పని. "ఇంట్ల పని ఉన్నది సార్" అన్నది. అసలు సంగతి ఆమె స్నేహితురాలు తర్వాత చెప్పింది. ఆ ఏడు ఒక పేపరు పోయింది. డిగ్రీ ముగియడానికి సంవత్సరం ఎక్కువ పట్టింది. నా రిజిస్టరులో ఆమె పేరు ఎదుట వరసగా పడిన ఆబ్సెంటు గుర్తులను చూసినప్పుడల్లా అవి పిల్ల చేసిన తప్పులా అనిపించేవి కావు.

ఆసిఫాబాదు రోడ్డు, రేచిని రోడ్డు వైపు నుంచి సీతాఫలం పండ్ల గంపలు తెచ్చే పెద్దమ్మ ఒకామె నాకు పద్నాలుగేళ్లుగా తెలుసు. వానలు వెనుకపట్టి, బతుకమ్మ పండుగ దగ్గరపడే వేళకు కనబడుతుంది. అడవిలో ఏరి, ఆకు పరిచి, గంప నింపి మంచిర్యాలకో రామగుండానికో దిగి అమ్ముకుంటుంది. చార్జీ పెరిగిన తర్వాత ఒకనాడు కలిసి, "ఎట్లున్నవు పెద్దమ్మా?" అంటే, "నాకే ముప్పై ఏసిండ్రు సారు, గంపకు ఏయలే, గదే సంతోషం" అని నవ్వింది. ఆ ఏడు పండు ఖరీదు పెంచింది. కొనేవాళ్లమంతా బేరమాడాము, నాతో సహా.

నాలుగేళ్ల తర్వాత 2024 ఫిబ్రవరి చివరిలో పాత చార్జీలు తిరిగి వచ్చాయి. మళ్లీ పది రూపాయలు. ఏ పండుగా చేయలేదు. టిక్కెట్టు కిటికీ దగ్గర ముప్పై తీసి ఇచ్చినవాడికి ఇరవై తిరిగి వచ్చేసరికి, పొరపాటేమోనని నిలబడిపోయినవాణ్ణి నేను కళ్లారా చూశాను.

బండి తిరిగి వచ్చింది గాని ఎక్కేవారు మారుతున్నారు. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు నలభై వేలమంది. భూమి లోపలి గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తట్ట పోయి యంత్రం వచ్చింది. బొగ్గు పెరిగింది, బొగ్గుమనిషి తగ్గాడు. సెలవునాటి రాత్రి బండిలో దుప్పటి, చెంబు పట్టుకున్నవాడు ఇప్పుడు లేడు. అతని స్థానంలో కోచింగు పుస్తకాలు పట్టుకున్న అతని మనమడు కూర్చున్నాడు. కార్మికులు చాలామందికి మోటారు సైకిళ్లున్నాయి. పెద్దపల్లి నుంచి కరీంనగరు మీదుగా నిజామాబాదుకు 177 కిలోమీటర్ల మార్గం 2017లో పూర్తయింది గనుక, ఆ వైపు జనం కూడా పెద్దపల్లిలో దిగి మా బండి ఎక్కుతున్నారు. పాత పెట్టెల చోట చాలావరకు మెము బండ్లు వచ్చాయి. తొందరగా ఊపందుకుంటాయి, తొందరగా ఆగుతాయి. కూర్చునే చోటు తక్కువ, నిలబడే చోటు ఎక్కువ.

మూడో లైను కూడా వస్తున్నది. కాజీపేట, బల్లార్షాల నడుమ మూడో దారి 2015–16 బడ్జెటులో మంజూరై, ముక్కలు ముక్కలుగా తెరుస్తూ వస్తున్నారు. అది మొత్తం పూర్తయితే బొగ్గు దారి బొగ్గుదే, మన దారి మనదే అని మా పెట్టెలో ఆశావాదుల మాట. ఖాళీ దొరికితే ఇంకా నాలుగు బొగ్గుబండ్లు వేస్తారు గాని పాసింజరుకు ఏమొస్తుంది అని నిరాశావాదులు. నేను వారంలో మూడు రోజులు ఇటు, మూడు రోజులు అటు.

మొన్న సాయంత్రం తిరుగు బండిలో వస్తున్నాను. మంచిర్యాల దాటింది. గోదావరి వంతెన మీదికి రాగానే అలవాటు చొప్పున అందరూ ఒక్క నిమిషం మాటలాపారు. మావాళ్లు ఆ నదిని గోదావరి అనరు, గంగ అంటారు. ఎవరో రూపాయి బిళ్ల విసిరారు. వంతెన దాటి, ఇంకేం, రామగుండం వచ్చేసిందనుకుంటూ ఉండగా పెద్దంపేటలో పెట్టారు. రామగుండం దీపాలు కనబడుతూనే ఉన్నాయి. ఇరవై అయిదు నిమిషాల తర్వాత పక్క పట్టాల మీద బొగ్గుబండి పోయింది.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. బాపు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి, పన్నెండేళ్లకు పైగా గని దిగలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను చెప్పులు విడవకముందే అడిగాడు.

"ఏడ పెట్టిండ్రు?"

"పెద్దంపేటల."

"ఎక్స్‌ప్రెస్సుకా, బొగ్గుకా?"

"బొగ్గుకే బాపూ."

"నిండుదేనా?"

"నిండుదే."

"ఎన్ని పెట్టెలు?"

నేను లెక్క పెట్టలేదు. జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. ఆ మాట చెబితే బాపు కొంచెంసేపు నా వైపు చూసి, "రేపు జూసి చెప్పు" అని లోపలికి, కోడలిని పిలిచి, నాకు అన్నం పెట్టమన్నాడు.